నిద్రమందులూ నోటి తడీ

రాత్రి ఆఖరి వార్తలు విని రేడియో కట్టివేసిన తరువాత ఇల్లంతా నిద్రలో మునుగుతుంది. కాని అనేక గృహాలలో ఒక్కరు మాత్రం మేలుకొని ఉంటారు. మంచం ప్రక్కన మరచెంబు నిండా నీళ్ళు ఉంటాయి. కునుకు పట్టీ పట్టకముందే నాలుక పిడచగట్టి, అంగిటికి అతుక్కొని, మెలకువ వస్తుంది. గుక్కెడు నీళ్ళు త్రాగితే క్షణకాలం ఊరట. ఆ తరువాత మళ్ళీ అదే ఎండ. త్రాగిన నీళ్ళ కోసం నడిరాత్రి మరి రెండుసార్లు లేవడం. ఈ బాధ పడలేక నిద్రమాత్ర ఒకటి వేసుకొంటారు. నిద్ర పట్టుతుంది, కాని తెల్లవారేసరికి నోరు మునుపటికంటె ఎండిపోయి, మాట పెగలదు. మందు వేసుకోకుంటే నిద్ర లేదు, వేసుకొంటే నోట తడి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇది చిన్న బాధ అని తోసివేయడానికి వీలులేదు. నోరు నిత్యం ఎండిపోయేవారికి అన్నం ముద్ద మింగుడుపడదు, రుచి తెలియదు, నాలుక మంట పుడుతుంది, పండ్లు ఒకటొకటిగా పుచ్చి ఊడిపోతాయి. నిద్ర లేనివారికి పగలంతా పగలు కాదు. ఈ రెండు బాధలూ ఒక్క మనిషిలో కలిసినప్పుడు, ఒకదానికి చేసిన చికిత్స రెండవదానికి అపకారం కాకుండా ఉండే ఉపాయం ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యశాస్త్ర చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్రను కొంచెం ఓపికతో పరిశీలిస్తే, మత్తు అన్నది ఒకటీ, నోటి ఎండ అన్నది ఒకటీ అనీ, అవి రెండూ కవలలు కావనీ, మానవుడు చాలాకాలం వాటిని కవలలుగా పొరబడినాడనీ తెలుస్తుంది.

ముందుగా ఆ తడి సంగతి. ఆరోగ్యవంతుని నోటిలో ఒక్క రోజులో దాదాపు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. చెవుల ముందు ఒక జత, దవడ క్రింద ఒక జత, నాలుక క్రింద ఒక జత, ఈ విధంగా మూడు జతల పెద్ద గ్రంథులూ, పెదవులలో, బుగ్గలలో అసంఖ్యాకమైన చిన్న గ్రంథులూ ఈ పని చేస్తున్నవి. అన్నాన్ని తడిపి మ్రింగుటకు అనువుగా చేయడం మాత్రమే లాలాజలం పని కాదు. అది నోటిలోని ఆమ్లాన్ని విరిచివేస్తుంది. పంటిపై పొరలో కరిగిపోయిన ఖనిజాన్ని మళ్ళీ చేరుస్తుంది. సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. అయితే ఈ ఊట పగలూ రాత్రీ ఒక్క తీరున ఉండదు. నిద్రలో అది దాదాపు ఆగిపోతుంది. ఇది ప్రకృతి నియమం. అందుచేత పగటిపూటనే ఊట తక్కువైనవారికి రాత్రి కరవుకాలం. దానిపై ఊటను కట్టివేసే మందు కూడా పడితే బావి పూర్తిగా ఎండిపోయినట్లే.

ఇక నిద్ర సంగతి. మన ప్రాచీనులు దీనిని ఎంత గౌరవించినారో చరక సంహిత వల్ల తెలుస్తుంది. శరీరమనే ఇంటికి ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అని మూడు ఉపస్తంభాలను చరకుడు చెప్పినాడు. నిద్ర పట్టనివారికి ఆయన చెప్పిన ఉపాయాలు ఈనాడు చదివినా ఆశ్చర్యం కలుగుతుంది. ఒంటికి తైలం మర్దించుట, స్నానం, వరి అన్నం, పాలు, మనస్సుకు ఇంపైన వాసనలు, ఇంపైన శబ్దాలు, సుఖమైన పడక. వివిధ జంతువుల పాల గుణాలను చెబుతూ, గేదె పాలు నిద్ర లేనివారికి హితమని ప్రత్యేకించి పేర్కొన్నాడు. 

కాని ఆత్రం ఉన్నవాడు పాలతో, తైలంతో తృప్తిపడడు. వెంటనే కమ్మివేసే మత్తు కావాలి. అటువంటి మత్తుకు ప్రపంచంలోని అనేక జాతులు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలను ఆశ్రయించినవి. మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్త ఆ కుటుంబానిదే. మన వంటింటి వంగ, మిరప, టమాటాలు దానికి దాయాదులు. ఐరోపాలో బెల్లడొన్నా, హెన్‌బేన్, మాండ్రేక్ అనే మొక్కలు కూడా ఈ వర్గంలోనివే. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో డయాస్కొరిడీస్ అనే గ్రీకు వైద్యుడు మాండ్రేక్ వేరును ద్రాక్షసారాయంలో కాచి, శస్త్రచికిత్సకు ముందు రోగికి ఇచ్చే పద్ధతిని వర్ణించినాడు. మధ్యయుగపు వైద్యులు నల్లమందు, మాండ్రేక్, హెన్‌బేన్ మొదలైన వాటి రసాలలో సముద్రపు స్పంజిని నానబెట్టి, ఎండబెట్టి, అవసరమైనప్పుడు తడిపి రోగి ముక్కు వద్ద పట్టేవారు.

మన దేశంలో ఉమ్మెత్తకు మరొక అపకీర్తి కూడా కలిగినది. బాటసారులతో స్నేహం చేసి, వారి భోజనంలో ఉమ్మెత్త గింజల పొడి కలిపి, మత్తులో పడిన తరువాత దోచుకొనే ముఠాలు పందొమ్మిదవ శతాబ్దంలో ఉండేవి. 1856లో నార్మన్ చీవర్స్ అనే వైద్యుడు భారతదేశపు నేరపరిశోధనకు ఉపకరించే వైద్యగ్రంథంలో ఈ విషప్రయోగాలను విపులంగా చర్చించినాడు. ఉమ్మెత్త తిన్నవానికి కనుపాపలు విచ్చుకొంటాయి, మతి తప్పుతుంది, చర్మం ఎర్రబడి వేడెక్కుతుంది. అన్నిటికంటె ముందు నోరు, గొంతు ఎండిపోయి నీళ్ళు కూడా మింగుడుపడవు. అంటే మత్తు, దాహం రెండూ ఒక్క గింజలో నుంచే వచ్చినవి. అందుచేత అవి విడదీయరానివని పూర్వులు అనుకొన్నారంటే అందులో వింత లేదు.

రసాయనశాస్త్రం వచ్చి ఆ గింజను విప్పి చూసినది. 1831లో జర్మనీలో మైన్ అనే ఔషధ నిర్మాత బెల్లడొన్నా వేరు నుంచి అట్రోపిన్ అనే పదార్థాన్ని వేరుచేసినాడు. గ్రీకు పురాణాలలో మనుష్యుని ఆయువు దారాన్ని కత్తిరించే దేవత అట్రోపోస్. ఆమె పేరే ఆ మొక్క ద్వారా ఈ మందుకు వచ్చినది. 1880లో లాడెన్‌బర్గ్ హయొసీన్ అనే మరొక పదార్థాన్ని వేరుచేసినాడు. దీనినే స్కోపొలమిన్ అని కూడా అంటారు. ఇది అట్రోపిన్ కంటె ఎక్కువ మత్తు కలిగిస్తుంది. ఉన్మాద చికిత్సాలయాలలో ఉద్రేకంలో ఉన్న రోగులను శాంతింపజేయడానికి దీనిని వాడినారు. 1906 ప్రాంతాన జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో ప్రసవవేదన తెలియకుండా ఉండేందుకు దీనిని మార్ఫిన్‌తో కలిపి స్త్రీలకు ఇచ్చి, దానికి ‘సంధ్యానిద్ర’ అని అర్థం వచ్చే పేరు పెట్టినారు. నిద్ర పేరుతో వచ్చిన ఈ మందు వెంట నోటి ఎండ తప్పనిసరి అతిథిగా వచ్చేది.

ఎందుకు ఎండుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం మరొక దారిలో వచ్చినది. 1851 ప్రాంతాన కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కుక్క దవడ క్రింది గ్రంథికి పోయే నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి లాలాజలం ఊరేటట్లు చేసినాడు. లాలాజలం రక్తం నుంచి వడగట్టిన నీరు మాత్రమే కాదనీ, నాడి ఆజ్ఞ మీద గ్రంథి పనిచేసి దానిని తయారు చేస్తున్నదనీ దానివల్ల తేలినది. 1872లో బ్రెస్లౌ నగరంలో హైడెన్‌హైన్ ఆ జంతువుకే అట్రోపిన్ ఇచ్చి అదే నాడిని మళ్ళీ ప్రేరేపించినాడు. రక్తనాళాలు యథాప్రకారం విచ్చుకొన్నవి. కాని లాలాజలం చుక్క రాలేదు. రక్తం పుష్కలంగా ఉన్నది, నాడి పిలుస్తూనే ఉన్నది, గ్రంథి మాత్రం వినడం లేదు. పిలుపుకూ వినికిడికీ మధ్య అట్రోపిన్ అడ్డుగోడ కట్టినదన్న మాట.

ఆ పిలుపు ఏమిటో తెలియడానికి మరి అర్ధశతాబ్ది పట్టినది. అది తెలిసిన విధం మన నిద్ర ప్రసంగంలో చెప్పుకోదగినది. ఆస్ట్రియాలో గ్రాట్స్ నగరంలో ఓటో లోయీ అనే ఆచార్యుడు ఉండేవాడు. 1921లో ఒక రాత్రి నిద్రలో ఆయనకు ఒక ప్రయోగం తోచినది. లేచి చీటీ మీద గిలికి మళ్ళీ పడుకొన్నాడు. తెల్లవారి చూస్తే తన వ్రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్ళీ వచ్చినది. ఈసారి చీటీని నమ్ముకోక, తిన్నగా ప్రయోగశాలకు పోయి, రెండు కప్పల గుండెలు తీసి ప్రయోగం చేసినాడు. ఒక గుండెకు పోయే నాడిని ప్రేరేపించగా అది మందగించినది. దానిని తడిపిన ద్రవాన్ని రెండవ గుండెపై పోయగా అదీ మందగించినది. నాడి తన ఆజ్ఞను ఒక రసాయన పదార్థం ద్వారా పంపుతున్నదని ఋజువైనది. ఆ పదార్థమే అసిటైల్‌కోలిన్. ఈ పరిశోధనకు 1936లో లోయీకి హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించినది. లాలాగ్రంథులను పనిచేయించే దూత కూడా ఈ అసిటైల్‌కోలినే. అట్రోపిన్, స్కోపొలమిన్ వంటివి ఆ దూత ప్రవేశించే తలుపుకు గొళ్ళెం వేస్తాయి. కనుక ఏ మందు ఆ తలుపు మూస్తుందో ఆ మందు నోటిని ఎండగడుతుంది. మన విచారణకు ఇదే కొలబద్ద.

ఈ కొలబద్దతో మిగిలిన నిద్రమందులను కొలిచి చూద్దాం. 1832లో లీబిగ్ తయారుచేసిన క్లోరల్ అనే పదార్థానికి నిద్ర పుట్టించే గుణమున్నదని 1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైహ్ ప్రకటించినాడు. 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ‘వెరొనాల్’ను లోకానికి ఇచ్చినారు. 1912లో ‘లూమినాల్’ వచ్చినది. బార్బిట్యురేట్లు అనబడే ఈ మందులు అర్ధశతాబ్దిపాటు ప్రపంచానికి నిద్ర పంచిపెట్టినవి. ఇవి ఉమ్మెత్త కుటుంబంవలె లాలాజలపు తలుపుకు గొళ్ళెం వేసేవి కావు. మెదడులో మరొక తాళాన్ని త్రిప్పి మత్తు కలిగించేవి. అంటే నోటిని ఎండగట్టకుండా నిద్ర కలిగించడం అసాధ్యం కాదని అప్పుడే తేలినది. కాని ఇవి మరొక ఘోరాన్ని వెంట తెచ్చినవి. నిద్రపుచ్చే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అలవాటైతే మానడం కష్టం. 1962లో హాలీవుడ్ తార మార్లిన్ మన్రో మరణానికి కారణం బార్బిట్యురేట్ విషప్రభావమే.

దీనికి భయపడి క్షేమమైన మందు కోసం వెదకినవారికి 1957లో జర్మనీలో థాలిడోమైడ్ దొరికినది. ఎక్కువ మ్రింగినా ప్రాణానికి ముప్పు లేదని చెప్పి, వైద్యుని చీటీ లేకుండానే దానిని అమ్మినారు. గర్భిణులు కూడా వాడినారు. 1961 నవంబరులో దానిని అంగళ్ళ నుంచి తీసివేసేనాటికి, చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడకుండా పుట్టిన శిశువుల సంఖ్య వేలకు చేరినది. ప్రపంచం మొత్తం మీద పదివేలకు పైబడినదని లెక్క. అమెరికా ఔషధ పరిపాలన శాఖలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే వైద్యురాలు, చూపిన ఆధారాలు చాలవని పట్టుబట్టి దానికి అనుమతి ఇవ్వకపోవడంవల్ల ఆ దేశంలో చాలామంది తల్లులకు ఆ దుఃఖం తప్పినది. ఒక్క దోషం లేదన్నంత మాత్రాన మందు నిర్దోషి కాదని ఈ ఉదంతం నేర్పిన పాఠం.

ఈ నడుమ మన దేశపు సర్పగంధ కూడా రంగంలోకి వచ్చినది. మన వైద్యులు ఉన్మాదానికి, నిద్రలేమికి పూర్వం నుంచి వాడుతున్న ఈ వేరును గురించి 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే వైద్యులు వ్యాసం ప్రకటించినారు. 1952లో స్విట్జర్లండులో దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేసినారు. ఇది ప్రపంచఖ్యాతి పొందినది. కాని దీనిని వాడినవారికి ముక్కు దిబ్బడ వేయడం సామాన్యం. ముక్కు బిగిస్తే నోటితో గాలి పీల్చవలసి వస్తుంది. రాత్రంతా నోటితో గాలి పీలిస్తే ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. నోరు ఎండడానికి ఊట కట్టుపడడం ఒక దారి. ఊరినది ఆరిపోవడం రెండవ దారి. గురక పెట్టేవారూ, ముక్కు దిబ్బడ ఉన్నవారూ ఈ రెండవ దారిని మరచిపోకూడదు.

ఇక మన ఇళ్ళలో ఎక్కువగా తిరిగే మందుల కథకు వద్దాం. 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్‌మరీ స్టౌబ్ అనేవారు హిస్టమిన్‌ను అడ్డుకొనే మొదటి పదార్థాలను కనుగొన్నారు. ఆ మార్గంలోనే అమెరికాలోని సిన్సినాటిలో జార్జి రీవ్‌షల్ డైఫెన్‌హైడ్రమిన్‌ను తయారుచేసినాడు. 1946 నుంచి అది వైద్యుల చేతికి వచ్చినది. దురదలకు, జలుబుకు వచ్చిన మందు ఇది. వాడినవారందరూ తూగుతుండడం చూసి, దీనినే నిద్రమందుగా ఎందుకు అమ్మకూడదని వర్తకులకు తోచినది. మెలకువను నిలిపే పదార్థాలలో హిస్టమిన్ ఒకటి. దానిని అడ్డుకొంటే తూగు వస్తుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఈ పాతతరపు మందులు హిస్టమిన్ తలుపుతో తృప్తిపడక, అసిటైల్‌కోలిన్ తలుపుకు కూడా గొళ్ళెం వేస్తాయి. కనుకనే తెల్లవారి నోరు పిడచగట్టుతుంది, మూత్రం బిగబట్టుతుంది, మలబద్ధకం కలుగుతుంది, వృద్ధులకు మతి తడబడుతుంది. అమెరికాలో వైద్యుని చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్రలలో చాలాకాలం స్కోపొలమిన్, మెథాపైరిలీన్ ఉండేవి. 1979లో మెథాపైరిలీన్ ఎలుకలలో కాన్సర్ కలిగిస్తున్నదని తేలి దానిని తొలగించినారు. దాని స్థానాన్ని డైఫెన్‌హైడ్రమిన్ వంటివి ఆక్రమించినవి. పాత అతిథి పోయి అతని తమ్ముడు వచ్చినట్లు అయినది.

ఇంతా చేసి, వీటి మత్తు స్థిరమైనదా అంటే అదీ కాదు. రోజూ వేసుకొంటే మూడు నాలుగు రోజులలోనే శరీరం అలవాటుపడి, తూగు తగ్గిపోతుందని ప్రయోగాలలో కనబడినది. 2017లో అమెరికా నిద్రావైద్యుల సంఘం నిద్రలేమికి డైఫెన్‌హైడ్రమిన్ వాడవద్దని సలహా ఇచ్చినది. వృద్ధులకు తగని మందుల పట్టికను 1991లో మార్క్ బియర్స్ అనే వైద్యుడు మొదలుపెట్టినాడు. తరువాత పెరిగిన ఆ పట్టికలో ఈ కోవకు చెందిన మందులకు స్థానం దొరికినది. మన అలమరలోని దగ్గు మందులలో, జలుబు మాత్రలలో కూడా తరచుగా ఈ కుటుంబపు మందులే ఉంటాయి. నోరు ఎండేవారు నిద్ర కోసం వాటిని తడుముకోవడం, దాహానికి ఉప్పునీళ్ళు త్రాగడంవంటిది.

మనోవ్యాకులతకు వాడే అమిట్రిప్టిలిన్ వంటి మందులను చిన్న మోతాదులో నిద్ర కోసం ఇవ్వడం కద్దు. 1961లో వచ్చిన ఈ మందు కూడా నోటిని గట్టిగా ఎండగడుతుంది. అయితే ఈ కుటుంబంలోనే ఒక విచిత్రం ఉన్నది. డాక్సెపిన్ అనే మందు పెద్ద మోతాదులో నోరు ఎండగడుతుంది. దానినే మూడు లేక ఆరు మిల్లీగ్రాముల స్వల్పమాత్రలో ఇస్తే, అది హిస్టమిన్ తలుపును మాత్రమే మూస్తుంది. అసిటైల్‌కోలిన్ తలుపు జోలికి దాదాపు పోదు. ఈ స్వల్పమాత్రను నిద్ర నిలవనివారి కోసం 2010లో అమెరికాలో అనుమతించినారు. మత్తు, ఎండ కవలలు కావని నేను మొదట చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఋజువు లేదు. ఒకే మందు, ఒక మోతాదులో నోటికి శత్రువు. మరొక మోతాదులో దాదాపు తటస్థం.

బార్బిట్యురేట్ల స్థానంలో 1960లో లిబ్రియం, 1963లో వేలియం వచ్చినవి. స్టెర్న్‌బాక్ అనే రసాయనజ్ఞుడు కనుగొన్న కుటుంబమిది. తరువాత జోల్పిడెమ్, జోపిక్లోన్ వచ్చినవి. ఇవి అట్రోపిన్‌వలె గొళ్ళెం వేసేవి కావు. అయినా కొందరికి నోరు ఎండుతుంది. జోపిక్లోన్ లాలాజలంలోకి దిగి నోటిని చేదు చేస్తుంది. లాలాజలం తక్కువైనవారికి ఆ చేదు కడుక్కుపోయే దారి కూడా తక్కువ. అలవాటు పడడం, వృద్ధులు రాత్రివేళ తూలి పడడం ఈ మందులవల్ల కలిగే ప్రమాదాలు. కొందరు నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం వంటివి జరిగి, గాయాలూ మరణాలూ సంభవించినందువల్ల 2019లో అమెరికా ప్రభుత్వం జోల్పిడెమ్ తరహా మందులకు తీవ్రమైన హెచ్చరికను జతపరచినది. చాలాకాలంగా ఈ కుటుంబపు మాత్రలు వాడుతున్నవారు ఈ ప్రసంగం విని ఒక్కసారిగా మానివేయరాదు. హఠాత్తుగా మానితే మూర్ఛలు కూడా రావచ్చును. వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించవలె.

కొత్త దారులు రెండు ఉన్నవి. 1958లో అమెరికాలో ఏరన్ లెర్నర్ పశువుల మెదడులోని ఒక చిన్న గ్రంథి నుంచి మెలటోనిన్‌ను వేరుచేసినాడు. చీకటి పడినదని శరీరానికి చాటే దండోరా ఇది. దీనికి లాలాజలంతో విరోధం లేదు. కాని దీని బలం కూడా పరిమితమే. నిద్ర పట్టే వేళను అది ముందుకు తెచ్చేది కొద్ది నిమిషాలు మాత్రమే. రెండవది, 1998లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా కనుగొన్న ఒరెక్సిన్ అనే పదార్థం. ఇది మెలకువకు కావలి కాస్తుంది. ఈ కావలివానిని విశ్రమింపజేసే మొదటి మందు సువొరెక్సంట్ 2014లో అమెరికాలో అనుమతి పొందినది. అసిటైల్‌కోలిన్ తలుపుతో దీనికి పని లేదు. నోటి ఎండ బహుకొద్దిమందికే కనబడినది. అయినా మరునాడు మగత ఉండవచ్చును; ఖరీదూ ఎక్కువే. కనుక ఇదీ వైద్యుడు చూసి ఇవ్వవలసినదే.

ఇన్ని మందులను గాలించిన తరువాత, నోటికి పూర్తిగా నిర్దోషమైన నిద్రోపాయం ఒకటి మిగిలినది. అది మందు కాదు. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త ఒక సులభమైన పద్ధతిని ప్రతిపాదించినాడు. నిద్ర వచ్చినప్పుడే పడక చేరవలె. నిద్ర పట్టకపోతే లేచి మరొక గదిలోకి పోయి, తూగు వచ్చిన తరువాతనే తిరిగి రావలె. పడకను నిద్రకు తప్ప ఆలోచనలకు, లెక్కలకు వాడరాదు. రాత్రి ఎట్లా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవవలె. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ దీనికి మరొకటి చేర్చినాడు. పడకపై గడిపే కాలాన్ని మొదట కుదించి, నిద్ర చిక్కబడిన కొద్దీ పెంచడం ఆయన పద్ధతి. ఈ రెంటినీ, నిద్రను గురించిన దిగులును సరిదిద్దే బోధనతో కలిపి ఇప్పుడు ఒక చికిత్సగా రూపొందించినారు. 2016లో అమెరికా వైద్యుల కళాశాల, పెద్దవారి దీర్ఘకాలపు నిద్రలేమికి అందరికీ మొదట ఇవ్వవలసిన చికిత్స ఇదేనని నిర్ణయించినది. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది; మొదట కొంత కష్టంగా కూడా ఉంటుంది. కాని నోటి నుంచి ఒక్క చుక్క తడిని కూడా ఇది తీసుకోదు.

ఇక నోటి ఎండకు కారణం వెదకడం మరొక సగం పని. రక్తపుపోటుకు, మూత్రానికి, మనోవ్యాధికి వాడే అనేక మందులవల్ల నోరు ఎండుతుంది, మధుమేహంలోనూ ఎండుతుంది. 1933లో స్వీడన్ దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్, కండ్లూ నోరూ ఎండే 19 మంది స్త్రీలను పరీక్షించి ఒక వ్యాధిని వర్ణించినాడు. శరీరంలోని రక్షకశక్తి తన గ్రంథులనే శత్రువులనుకొని పాడుచేసే వ్యాధి అది. ఇటువంటివారికి ఊటను పెంచే మందు కూడా ఉన్నది. 1874లో బ్రెజిల్ వైద్యుడు కుటిన్యో జబొరాండి అనే ఆకును ఐరోపాకు పరిచయం చేసినాడు. అది నమిలితే నోటినిండా నీరూరేది. మరుసటి సంవత్సరమే దాని నుంచి పైలొకార్పిన్‌ను వేరుచేసినారు. అట్రోపిన్ మూసిన తలుపునే ఇది తెరుస్తుంది. నోటి ఎండకు 1994లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు చెమటలు పట్టిస్తుంది. ఉబ్బసం, కొన్ని నేత్రవ్యాధులు ఉన్నవారికి పనికిరాదు.

గృహస్థులు చేసుకోదగినవి కొన్ని ఉన్నవి. వైద్యుని వద్దకు పోయినప్పుడు, ‘నిద్ర పట్టడం లేదు’ అని మాత్రమే చెప్పి ఊరుకోక, ‘నా నోరు ఎండుతుంది’ అని కూడా చెప్పవలె. జలుబు మాత్రతో సహా తాము వాడే ప్రతి మందునూ చూపవలె. గురక, ఊపిరి ఆగి ఉలిక్కిపడడం ఉంటే ఆ సంగతి దాచరాదు. పొగాకు, జర్దా, సారాయం నోటిని మరింత ఎండగడతాయి. సాయంకాలం తరువాత కాఫీ మానడం రెండు బాధలకూ మేలు. నీళ్ళు చెంబుల కొద్దీ త్రాగక, నోరు తడిసేటంత గుటకలుగా పుచ్చుకొంటే రాత్రి లేవవలసిన పని తగ్గుతుంది. కట్టుడు పండ్లు రాత్రి తీసివేయవలె. పడుకొనే ముందు గేదె పాలు త్రాగే అలవాటు మంచిదే. కాని లాలాజలం లేని నోటిలో ఆ పాలూ, అందులోని పంచదారా రాత్రంతా పండ్లను తింటాయి. కనుక త్రాగిన తరువాత నోరు పుక్కిలించి, పండ్లు తోముకొని పడుకోవలె.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు అన్నారు. నిద్ర సుఖమైన పరుపును కోరదేమో కాని, ఒక్క చుక్క తడిని మాత్రం కోరుతుంది. ఉమ్మెత్త గింజ నుంచి ఈనాటి మాత్ర వరకు మనిషి మత్తును వెదకుతూ నడిచిన దారిలో, ఆ తడిని పోగొట్టుకొన్న సందర్భాలే ఎక్కువ. ఆ రెండూ వేరువేరు తలుపులని ఇప్పుడు మనకు తెలిసినది. ఏ మందు ఏ తలుపును మూస్తుందో వైద్యుని అడిగి తెలుసుకొని, వేళకు లేచి వేళకు పడుకొనే పాత నియమాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చుకొంటే, మంచం ప్రక్కన మరచెంబు ఉన్నా దానిని మాటిమాటికీ ఎత్తవలసిన అవసరం తగ్గుతుంది.